పురుషోత్తమ చౌదరిగారు

మన కోనసీమ సంఘములలో ఆదివారపు ఆరాధనయందు పాడబడు పాత కీర్తనలలో ననేకములు పురుషోత్తమ చౌదరిగారు రచించినవి. చిన్ననాటినుండి పాడుచున్నను, వాటి కర్త యెవరో మన విద్యార్థులలో పలువు రెరుగరు.

వీరు 1803 సంవత్సరమున పర్లాకిమిడి ప్రాంతమందు, వంగదేశీయమైన యొక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తెలుగు, ఓఢ్రము, సంస్కృతము నేర్చి కవిత్వమందు సమర్థులైరి. యౌవనమున క్రైస్తవ గ్రంథములు చదివినది మొదలు వారి మనస్సునకు నెమ్మది లేకపోయెను. తుదకు 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో నట్టి నిర్ణయమునకు వెల యెంతయో నేటి బాలురకు తెలియుట కష్టము. బంధువుల పంక్తి, కులగౌరవము, పుట్టినింటి చనువు ఒక్కమారుగా పోవును. పిమ్మట వారు విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములందు సువార్త బోధించిరి. కులాచార పరీక్ష మొదలగు గ్రంథములును రచించిరి.

అయినను వారిని నాకు ప్రియులను జేసినవి కీర్తనలే. దొరల రాగమునకు తెలుగు మాటలు కూర్చి పాడునపుడు హ్రస్వము సాగిపోవును, దీర్ఘము నలిగిపోవును. వినువారికి అర్థము చెడును. చౌదరిగారికి ఆ చిక్కు లేదు. వారు మన రాగతాళములనే గైకొని, పల్లవి, చరణములతో మన చెవికి పరిచితమైన తీరుననే పాట కట్టిరి. అందుచేత తబలా, తాళములున్న చాలును, భజన సాగును. కొన్నిట సంస్కృత సమాసములు మిక్కుటమై పిల్లలకు కొరుకుడు పడవని నేనును ఒప్పుకొందును. తరగతిలో పదవిభాగము చేసి చెప్పినగాని వారికి బోధపడదు.

విచిత్ర మేమనగా, కులముచేత చదువునకు దూరముగా నుంచబడిన పేటలలోనే యీ పండితుని పాటలు మిక్కిలి వేరూనినవి. మా సంఘములో అక్షరము రాని వృద్ధురా లొకతె గలదు. ఆమె పుస్తకము చూడదు. కన్నులు మూసికొని చరణములన్నియు వరుస తప్పక పాడును.

చౌదరిగారు 1890లో పరమపదించిరి. మొన్న క్రిస్మసు పండుగనాడు వారి కీర్తనయే మా బాలురు ఎత్తుకొనిరి. రెండవ చరణముతో వారి జ్ఞాపకము ఆగిపోయెను. తక్కిన పాటను ఆ ముసలమ్మయే వెనుక వరుసనుండి అందుకొనెను.