ఐజాక్ వాల్టన్

ఐజాక్ వాల్టన్ (1593 - 1683) 17వ శతాబ్దానికి చెందిన ఆంగ్ల రచయిత. వృత్తిరీత్యా వస్త్ర వ్యాపారి. 1653లో వెలువడిన 'ది కంప్లీట్ ఆంగ్లర్' అనే గ్రంథం వలన ఇతడు ప్రసిద్ధుడయ్యాడు. గాలంతో చేపలు పట్టడాన్ని గురించిన ఈ పుస్తకం నేటికీ ముద్రణలో ఉన్నది. ఆంగ్ల సాహిత్యంలో జీవిత చరిత్ర రచనకు మార్గం వేసిన వారిలో కూడా వాల్టన్ ఒకడు. ట్రౌట్ చేపను పట్టడానికి ఎటువంటి గాలపు దారం కావాలి, దానిని ఎలా ఎంచుకోవాలి అనే విషయాన్ని ఇతడు, ఇతని మిత్రుడు ఛార్లెస్ కాటన్ వివరించిన తీరు తరువాతి తరాల వారికి ప్రామాణికమయింది.

తొలి జీవితం

వాల్టన్ ఇంగ్లాండులోని స్టాఫర్డ్ పట్టణంలో జన్మించాడు. 1593 సెప్టెంబరు 21న ఇతనికి బాప్తిస్మం జరిగింది. తండ్రి జెర్విస్ వాల్టన్ పానశాల నడిపేవాడు. ఐజాక్ చిన్నపిల్లవాడుగా ఉండగానే ఆయన మరణించాడు. తల్లి ఆన్ తరువాత మరొక పానశాల యజమానిని వివాహమాడింది. ఐజాక్ కు విశ్వవిద్యాలయ విద్య లభించలేదు. యౌవనంలో లండన్ చేరి, తన బావ థామస్ గ్రిన్సెల్ అనే వస్త్ర వ్యాపారి వద్ద పని నేర్చుకున్నాడు. 1618లో లండన్ లోని ఐరన్ మాంగర్స్ కంపెనీ అనే వర్తక సంఘంలో సభ్యుడయ్యాడు.

లండన్ జీవితం

వాల్టన్ ఫ్లీట్ వీధి, ఛాన్సరీ లేన్ ప్రాంతాలలో వ్యాపారం చేశాడు. అక్కడి సెయింట్ డన్‌స్టన్ చర్చిలో ప్రముఖ కవి జాన్ డన్ 1624 నుండి 1631 వరకు మతాచార్యుడుగా ఉన్నాడు. ఆ పరిచయం స్నేహంగా మారింది. ఈటన్ కళాశాల అధిపతి సర్ హెన్రీ వాటన్ కూడా ఇతనికి మిత్రుడు. వాటన్ కు కూడా గాలం వేయడమంటే ప్రీతి.

1626లో వాల్టన్ రేచల్ ఫ్లౌడ్ ను వివాహమాడాడు. వారికి పుట్టిన పిల్లలందరూ చిన్నతనంలోనే మరణించారు. 1640లో రేచల్ కూడా చనిపోయింది. 1647 ప్రాంతంలో ఆన్ కెన్ ను పెళ్ళి చేసుకున్నాడు. తరువాతి కాలంలో బిషప్ గా పేరు పొందిన థామస్ కెన్ కు ఈమె సవతి సోదరి. ఈ దంపతులకు ఆన్ అనే కుమార్తె, ఐజాక్ అనే కుమారుడు మిగిలారు. రెండవ భార్య 1662లో మరణించింది.

అంతర్యుద్ధ కాలం

1642లో రాజుకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధం మొదలైంది. వాల్టన్ రాజపక్షం వాడు, ఆంగ్లికన్ చర్చిని నమ్మినవాడు. 1645లో ఆ చర్చి ప్రార్థనా గ్రంథం నిషేధించబడింది. 1649లో రాజు మొదటి ఛార్లెస్ కు మరణశిక్ష అమలు జరిగింది. వాల్టన్ కు తెలిసిన మతాచార్యులు అనేకులు పదవులు కోల్పోయారు.

1651 సెప్టెంబరులో వూస్టర్ యుద్ధంలో రెండవ ఛార్లెస్ ఓడిపోయి పారిపోయాడు. అతని రాజచిహ్నమైన 'లెస్సర్ జార్జ్' అనే ఆభరణాన్ని అనుచరులు స్టాఫర్డ్ షైర్ లో దాచారు. అది చేతులు మారి వాల్టన్ వద్దకు చేరింది. ఇతడు దానిని రహస్యంగా లండన్ కు తీసుకువెళ్ళి, అక్కడి కోటలో బందీగా ఉన్న కర్నల్ బ్లేగ్ కు అందజేశాడు. బ్లేగ్ తప్పించుకొని దానిని రాజుకు చేర్చాడు. పట్టుబడి ఉంటే వాల్టన్ కు కఠిన శిక్ష తప్పేది కాదు.

ది కంప్లీట్ ఆంగ్లర్

ఈ సంఘటన జరిగిన రెండు సంవత్సరాలలోపే, 1653లో, రిచర్డ్ మారియట్ అనే ప్రచురణకర్త 'ది కంప్లీట్ ఆంగ్లర్' ను వెలువరించాడు. మొదటి ముద్రణలో 13 అధ్యాయాలు ఉన్నాయి. తరువాత వాల్టన్ దానిని పెంచుతూ పోగా అధ్యాయాల సంఖ్య 21కి చేరింది. 1655, 1661, 1668, 1676 సంవత్సరాలలో కొత్త ముద్రణలు వచ్చాయి.

పుస్తకం సంభాషణ రూపంలో ఉంటుంది. పిస్కేటర్ అనే గాలగాడు, వేటగాడైన తన సహచరునికి లీ నది పరిసరాలలో చేపలు పట్టడం నేర్పుతాడు. మధ్యలో పాటలు, పల్లె విందులు, చేపల వంటకాలు, ప్రకృతి వర్ణనలు వస్తాయి. కల్లోల కాలంలో శాంతిని, ఓర్పును, స్నేహాన్ని బోధించిన గ్రంథంగా విమర్శకులు దీనిని పరిగణిస్తారు.

గాలపు దారం

వాల్టన్ కాలంలో ట్రౌట్ గాలపు దారాన్ని గుర్రపు తోక వెంట్రుకలతో పేనేవారు. సాధారణంగా దారాన్ని కర్ర కొనకే కట్టేవారు. దారం చుట్టే చక్రాన్ని కొందరు సాల్మన్ చేప కోసం వాడేవారని వాల్టన్ పేర్కొన్నాడు. చక్రం లేనందున పెద్ద చేప లాగినప్పుడు వదలడానికి అదనపు దారం ఉండేది కాదు. లావు దారం తెగదు కాని చేపకు కనిపిస్తుంది. సన్న దారం కనిపించదు కాని తెగిపోవచ్చు. ఈ రెండింటి మధ్య ఎంపికే గాలగాని ముఖ్య సమస్య.

వాల్టన్ సలహాలలో ముఖ్యమైనవి:

* వెంట్రుక గుండ్రంగా, స్వచ్ఛంగా, గాజు రంగులో, గరుకులు లేకుండా ఉండాలి. అటువంటి వెంట్రుక ఒక్కటి నాసిరకం వెంట్రుకలు మూడింటితో సమానం.
* కలిపి పేనే వెంట్రుకలన్నీ ఒకే లావుగా ఉండాలి. అప్పుడు అవి కలిసి సాగుతాయి. లావులో తేడా ఉంటే ఒక్కొక్కటిగా తెగి గాలగాడిని మోసం చేస్తాయి.
* రంగు వేయడానికి ఏల్ అనే బార్లీ మద్యంలో మసి, అక్రోటు ఆకుల రసం, పటిక కలిపి కాచి, చల్లారిన తరువాత వెంట్రుకలను నానబెట్టాలి. నీటిలో కలిసిపోయే రంగు వస్తుంది.
* ఈగను పోలిన కృత్రిమ ఎర (ఫ్లై) వేసేటప్పుడు, కొక్కేనికి దగ్గరి భాగంలో మూడు నాలుగు వెంట్రుకలకు మించరాదు. ఒక్క వెంట్రుకతో పట్టగల నేర్పు ఉంటే మరిన్ని చేపలు దొరుకుతాయి.
* గాలి వీపు వైపు, సూర్యుడు ఎదురుగా ఉండేలా నిలబడాలి. అలా చేస్తే నీడ చేపలను బెదరించదు.

ఛార్లెస్ కాటన్ తో స్నేహం

వానపాము, చిన్న చేప వంటి సహజమైన ఎరలలో వాల్టన్ నేర్పరి. ఫ్లై విషయంలో అంతటి అనుభవం లేనందున మొదటి ముద్రణలో థామస్ బార్కర్ అనే వంటవాని పుస్తకంపై ఆధారపడ్డాడు, అతని పేరును కూడా చెప్పాడు. 1676 నాటి ఐదవ ముద్రణకు ఆ లోటును ఛార్లెస్ కాటన్ (1630 - 1687) పూరించాడు. డర్బీషైర్, స్టాఫర్డ్ షైర్ సరిహద్దున పారే డవ్ నదిలో ట్రౌట్, గ్రేలింగ్ చేపలను పట్టడంపై అతడు రెండవ భాగం వ్రాశాడు. కాటన్ వయసులో 37 సంవత్సరాలు చిన్నవాడు. వాల్టన్ ను తండ్రిగా భావించేవాడు. 1674లో డవ్ నది ఒడ్డున తాను కట్టించిన చిన్న గాలపు గృహంపై తమ ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలను పెనవేసి చెక్కించాడు.

కాటన్ దారాన్ని మెట్లుగా కట్టమన్నాడు. కొక్కేనికి దగ్గరి రెండు తునకలలో రెండేసి వెంట్రుకలు, ఆ పై మూడింటిలో మూడేసి, ఆ పై మూడింటిలో నాలుగేసి, ఇలా కర్ర కొన వద్దకు వచ్చేసరికి ఏడు వెంట్రుకలు ఉండాలి. అప్పుడు కర్ర మొదలు నుండి కొక్కెం దాకా ఒకే తీరుగా సన్నబడుతుంది. దారం తిన్నగా పరచుకొని, ఎర అనుకున్న చోట నీటిని కదలించకుండా వాలుతుంది. వాల్టన్ మెచ్చిన ఒంటి వెంట్రుకకు బదులు కాటన్ రెండు వెంట్రుకల వద్ద ఆగాడు. శిష్యుడు గురువుతో విభేదించిన ఈ భాగాన్ని వాల్టన్ తన పుస్తకంతో కలిపి ప్రచురించాడు.

అదే సంవత్సరం ఆ సంపుటంలో రాబర్ట్ వెనబుల్స్ గ్రంథం కూడా చేర్చబడింది. వెనబుల్స్ అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన పోరాడిన సైన్యాధికారి. అయినప్పటికీ 1662లో అతని పుస్తకానికి వాల్టన్ స్నేహపూర్వకమైన ముందుమాట వ్రాశాడు.

విమర్శలు

క్రాంవెల్ సైన్యంలో పనిచేసిన రిచర్డ్ ఫ్రాంక్, వాల్టన్ ఇతరుల పుస్తకాల నుండి సేకరించి వ్రాశాడని నిందించాడు. ఆ గ్రంథం 1694లో వెలువడింది. 1577 నాటి 'ది ఆర్ట్ ఆఫ్ ఆంగ్లింగ్' అనే పుస్తకం ప్రతి 20వ శతాబ్దంలో బయటపడింది. అందులో కూడా పిస్కేటర్, వియేటర్ అనే పాత్రల సంభాషణ ఉన్నందున వాల్టన్ దాని నుండి గ్రహించాడని పరిశోధకులు భావిస్తున్నారు. కవి బైరన్ తన 'డాన్ జువాన్' కావ్యంలో వాల్టన్ ను క్రూరుడని ఎగతాళి చేశాడు.

చివరి రోజులు

1660లో రాజరికం తిరిగి వచ్చింది. వాల్టన్ చివరి దశలో వించెస్టర్ బిషప్ అయిన మిత్రుడు జార్జ్ మార్లే ఆశ్రయంలోను, అల్లుడు విలియం హాకిన్స్ ఇంటిలోను గడిపాడు. 1683 డిసెంబరు 15న వించెస్టర్ లో మరణించాడు. సమాధి వించెస్టర్ కథీడ్రల్ లో ఉన్నది. స్టాఫర్డ్ లోని పేద పిల్లలకు పని నేర్పించడానికి, చలికాలంలో పేదలకు బొగ్గు ఇవ్వడానికి ఉపయోగపడేలా తన ఆస్తి విషయంలో వీలునామా వ్రాశాడు.

ప్రభావం

గుర్రపు వెంట్రుకల స్థానంలో తరువాత పట్టుదారం, 20వ శతాబ్ది మధ్యలో ప్లాస్టిక్ పూత గల దారం వచ్చాయి. 1961లో అమెరికా తయారీదారుల సంఘం మొదటి 30 అడుగుల దారం బరువును బట్టి సంఖ్యలు నిర్ణయించింది. 140 గ్రెయిన్లు (సుమారు 9 గ్రాములు) తూగే దారం 5వ సంఖ్యకు చెందుతుంది. రకరకాల ఏరులలో ట్రౌట్ కోసం ఒకే దారం ఎంచుకోవలసి వస్తే సాధారణంగా నీటిపై తేలే ఈ రకాన్నే సూచిస్తారు. పదార్థం మారినా, కొన వైపు సన్నబడే కాటన్ పద్ధతి నేటి దారాలలో కూడా కొనసాగుతున్నది.

1914లో గాలగాళ్ళ విరాళాలతో వించెస్టర్ కథీడ్రల్ లో ఇతని స్మారకంగా రంగుల గాజు కిటికీ ఏర్పాటయింది. 1922లో చికాగోలో ప్రకృతి పరిరక్షణ కొరకు ఐజాక్ వాల్టన్ లీగ్ స్థాపించబడింది. షాలోఫోర్డ్ లోని ఇతని ఇల్లు మ్యూజియంగా మార్చబడింది.

రచనలు

* జాన్ డన్ జీవితం (1640)
* సర్ హెన్రీ వాటన్ జీవితం (1651)
* ది కంప్లీట్ ఆంగ్లర్ (1653)
* రిచర్డ్ హుకర్ జీవితం (1665)
* జార్జ్ హెర్బర్ట్ జీవితం (1670)
* రాబర్ట్ శాండర్సన్ జీవితం (1678)