కటకములు సానబట్టిన తత్త్వవేత్త స్పినోజా

స్వహస్తముల కాయకముతో జీవించువాడు ఎవరి యెదుటను తల వంచనక్కరలేదన్న సంగతి వీరశైవులకు క్రొత్త కాదు. బసవేశ్వరునకు దాదాపు 500 సంవత్సరముల పిమ్మట, సుదూరమైన హాలండు దేశమునందు ఒక యూదు తత్త్వవేత్త అట్టి జీవితమునే గడపెను. మనుష్యుని యాలోచనపై రాజునకుగాని మతాధికారులకుగాని హక్కు లేదని ఐరోపాలో తొలుత గట్టిగ వాదించినవారిలో ఆతడొకడు.

బరూచ్ స్పినోజా 1632 నవంబరు 24వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరమున జన్మించెను. పోర్చుగలు దేశమున మతవిచారణాధికారుల హింసలకు తాళజాలక వలసవచ్చిన యూదుల సంతతి వారిది. తండ్రి మైకేలు వర్తకుడు. 1654లో ఆయన గతింపగా, స్పినోజా తమ్ముడు గాబ్రియేలుతో కూడి వ్యాపారమును సాగించెను. రెండేండ్లు గడచునంతలో ఉపద్రవము వచ్చిపడినది. 1656 జూలై 27న యూదు సమాజపు పెద్దలు ఆతనిని వెలివేసిరి. ఎవ్వరును ఆతనితో మాటలాడరాదు, ఆతడున్న యింటికప్పు క్రింద నిలువరాదు, ఆతడు వ్రాసినది చదువరాదు అని ఆజ్ఞ. అప్పటికాతని వయస్సు 23 సంవత్సరములు. ముద్రితగ్రంథ మొక్కటియు లేదు. చేసిన దోషమేమో ఆ శాసనమున స్పష్టముగ చెప్పనేలేదు. వర్ణపు కట్టుబాటును దాటినందులకు కళ్యాణమున హరళయ్య మధువయ్యలకు పట్టిన గతి నెరిగిన మనకు, పెద్దల ఆగ్రహ మెంతదూరము పోగలదో తెలియనిది కాదు. ప్రకృతికి వేరుగ దేవుడు లేడను ఆతని తరువాతి సిద్ధాంతమును మన శక్తివిశిష్టాద్వైతముతో పోల్చి చూచుట పండితుల పని. ఇక్కడ ఆ జోలికి పోము.

తనవారితో ఇక వర్తకము సాగదు. అప్పుడాతడు కటకములు సానబట్టు పనిని చేపట్టెను. గాజుబిళ్లను గుంటపళ్లెము వంటి అచ్చులో నుంచి, రాపిడిపొడి చల్లి, తడిచేయుచు గంటలకొలది అరగదీయవలెను. వంపు వెంట్రుకవాసియైనను తప్పినచో ప్రతిబింబము చెదరును. దూరదర్శినులకును సూక్ష్మదర్శినులకును ఆ కటకములే కన్నులు. శనిగ్రహపు వలయమును వివరించిన హైగెన్స్ పండితుడు స్పినోజా కటకముల నునుపును మెచ్చుకొనెను. 1671లో లైబ్నిట్జ్ ఆతనికి లేఖ వ్రాసినది దృష్టిశాస్త్రమును గురించియే.

మిత్రుడగు సైమన్ డి వ్రీస్ 2000 గిల్డర్లు ఇవ్వజూపగా ఆతడు స్వీకరింపలేదని జీవితచరిత్రకారులు వ్రాసిరి. తరువాత ఏటేట 500 గిల్డర్ల భృతి ఏర్పాటు కాగా, 300 చాలునని తగ్గించుకొనెనట. కావున సానరాయి యొక్కటే ఆతనిని పోషించినదనుట సరికాదు. మిత్రుల సాయము కొంత కలదు. కాని ఎంత పుచ్చుకొనవలెనో తానే నిర్ణయించుకొనెను. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి చేపట్టుమని పాలటైన్ ప్రభువు ఆహ్వానించెను. స్వేచ్ఛగ బోధింపవచ్చును, అయితే రాజ్యమున స్థిరపడిన మతమును కలతపెట్టరాదు అన్నది షరతు. ఆ స్వేచ్ఛకు హద్దెక్కడో తనకు తెలియదని స్పినోజా మర్యాదగ నిరాకరించెను.

అంతకు మూడేండ్ల ముందు, 1670లో, ఆతని దైవశాస్త్ర రాజనీతి ప్రకరణము పేరు లేకుండ, హాంబర్గున అచ్చయినట్లు అబద్ధపు చిరునామాతో వెలువడెను. ఇచ్చవచ్చినట్లు నడుచుకొను హక్కును మనుష్యుడు శాంతికొరకు రాజ్యమునకు అప్పగింపవచ్చును. ఆలోచించి తీర్పు చేసికొను హక్కును తాను కోరినను అప్పగింపజాలడు. అభిప్రాయములపై శాసనములు చేసినచో దుష్టులు లొంగరు, నిజాయితీపరులే నలుగుదురు. శాస్త్రములును కళలును క్షీణించును. ఇది ఆ గ్రంథసారము. దృష్టాంతముగ ఆతడు తన పుట్టినయూరినే చూపెను. అక్కడ ఒకనికి సొమ్ము అప్పగించునప్పుడు వాడు కలవాడా లేనివాడా, నమ్మదగినవాడా మోసగాడా అని విచారింతురేకాని మతమేదని అడుగరు. బజారునందు వర్తకులు పాటించుచున్న ఆ న్యాయమే న్యాయస్థానములందును ఉండవలెనని ఆతని కోరిక.

నిజమునకు ఆ నగరము ఆతడు చిత్రించినంత ఉదారమైనది కాదు. ఆతని మిత్రుడు ఆడ్రియన్ కూర్బాఖ్ మతవిమర్శను ప్రజలు మాటలాడు డచ్చిభాషలో వ్రాసెను. 1668లో ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు ఆతనికి 10 ఏండ్ల కారాగారము విధించిరి. మరుసటి యేడే ఆతడు నిర్బంధమున మరణించెను. స్పినోజా తన గ్రంథమును లాటినున వ్రాయుటయేకాక, డచ్చి అనువాదము వెలువడకుండ 1671లో ఒక మిత్రుని వేడుకొనెను. సామాన్యుల భాషలో వచనములు చెప్పిన శరణులను, తెలుగు ద్విపదలో బసవపురాణమును రచించిన పాల్కురికి సోమనాథుని తలచుకొన్నప్పుడు ఈ జంకు కొరతగనే తోచును. కాని కూర్బాఖ్ గతి చూచినవానిని తప్పుపట్టుట కష్టము. అసంపూర్ణముగ మిగిలిన రాజనీతి గ్రంథమున స్త్రీలకును సేవకులకును పరిపాలనలో పాలు లేదని వ్రాసినదానిని మాత్రము సమర్థింపజాలము. అక్కమహాదేవి పాల్గొన్న శివశరణుల గోష్ఠి అంతకు 500 ఏండ్ల ముందటిది.

1674లో ఆ ప్రకరణము నిషేధింపబడెను. అప్పటికాతడు హేగ్ నగరమున ఒక చిత్రకారుని యింట గది అద్దెకు తీసికొని యుండెను. ఊపిరితిత్తుల వ్యాధి ముదిరినది. గాజుపొడి దానిని హెచ్చించి యుండవచ్చును. 1677 ఫిబ్రవరి 21న, 44 ఏండ్ల వయస్సున మరణించెను. ప్రధానకృతియైన నీతిశాస్త్రము వ్రాతప్రతిగనే బల్లసొరుగులో నుండెను. ఇంటి యజమాని ఆ వ్రాతప్రతులను ఆమ్‌స్టర్‌డామునందలి ప్రచురణకర్తకు పంపెను. ఆ యేడే మిత్రులు గ్రంథకర్త పేరునకు బదులు పొడియక్షరములు మాత్రము ముద్రించి వానిని వెలువరించిరి. 1678లో ఆ సంపుటమునుగూడ ప్రభుత్వము నిషేధించెను.