దివేయెవో సిస్టర్ల తండ్రి: సరోవ్ సెరాఫిమ్

రష్యా దేశంలో మాస్కోకు తూర్పున, నిజ్నీ నోవ్‌గోరోద్ ప్రాంతంలో దివేయెవో అనే పల్లె ఉంది. అక్కడి కన్యకల మఠం ఆర్థడాక్స్ శ్రీసభకు చెందినది. ఆ శ్రీసభతో మనకు ఇంకా పూర్తి ఐక్యత లేదు. అయినా 2వ వాటికన్ మహాసభ 1964లో క్రైస్తవ ఐక్యతపై వెలువరించిన పత్రంలో తూర్పు సభల సన్యాస జీవితాన్ని ఎంతగానో మెచ్చుకుంది. కనుక ఆ మఠాన్ని తీర్చిదిద్దిన సెరాఫిమ్ గురించి మన కుటుంబాలు తెలుసుకోవడం మంచిదే.

ఆయన 1754లో కూర్స్క్ పట్టణంలో పుట్టారు. పేరు ప్రోఖోర్. తండ్రి ఇళ్లు, గుళ్లు కట్టించే కాంట్రాక్టరు. ఆయన ఒక దేవాలయం కడుతూ మధ్యలోనే చనిపోతే, భార్య అగాఫియా ఆ పని చేతబట్టి మేస్త్రీలను తానే చూసుకుంది. తల్లి వెంట వెళ్లిన పిల్లవాడు ఒకసారి గంట గోపురం మీది నుండి పడి, దెబ్బ తగలకుండా లేచాడని చెబుతారు. 1778లో సరోవ్ మఠంలో చేరాడు. 1786లో మాటపట్టు ఇచ్చినప్పుడు సెరాఫిమ్ అనే పేరు పెట్టారు.

1789 జూన్‌లో సరోవ్ మఠాధిపతి పఖోమియుస్‌తో కలిసి ఈ యువ డీకను దివేయెవో మీదుగా వెళ్లాడు. అక్కడ మదర్ అలెగ్జాండ్రా మరణశయ్య మీద ఉంది. ఆమె ధనిక కుటుంబపు వితంతువు. ఆస్తిని వదులుకుని ఈ పల్లెకు వచ్చి, కజాన్ దేవమాత పేర గుడి కట్టించి, కొద్దిమంది స్త్రీలతో ప్రార్థనా జీవితం మొదలుపెట్టింది. తన వెనుక ఈ అనాథలను విడిచిపెట్టవద్దని సరోవ్ సన్యాసులను వేడుకుంది. పఖోమియుస్ తన తర్వాత సెరాఫిమ్ చూసుకుంటాడని మాట ఇచ్చారు.

ఆ మాట నెరవేరడానికి 35 ఏళ్లకు పైగా పట్టింది. 1793లో గురుపట్టం పొందిన సెరాఫిమ్, మరుసటి ఏడాది అడవిలో ఒంటరి గుడిసెకు వెళ్లిపోయారు. వెయ్యి రాత్రులు బండరాయి మీద మోకరించి ప్రార్థించారని సంప్రదాయం. 1804లో డబ్బు కోసం వచ్చిన దొంగలు ఆయన్ను చావగొట్టారు. చేతిలో గొడ్డలి ఉండి కూడా ఆయన దానిని కింద పడేశారు. వాళ్లు దొరికినప్పుడు శిక్షించవద్దని పట్టుబట్టారు. అప్పటినుండి నడుము వంగిపోయింది. తర్వాత కొన్నేళ్లు మౌనం, ఆపైన మఠంలో గది తలుపు మూసుకుని ఏకాంతం. 1825లో ఆ తలుపు పూర్తిగా తెరిచారు. వచ్చిన వారినల్లా తన సంతోషమని పిలిచి, ఏడాది పొడుగునా పాస్కా పండుగ పలకరింపుతోనే ఆదరించేవారు.

అప్పుడే దివేయెవో బాధ్యతను నిజంగా తలకెత్తుకున్నారు. సిస్టర్లు 12 కిలోమీటర్ల అడవి దారిన నడిచి ఆయన సలహా కోసం వచ్చేవారు. పెళ్లికాని యువతుల కోసం 1827లో ఒక పిండిమర కట్టించి, దాని చుట్టూ వేరే సంఘం ఏర్పరిచారు. వాళ్లు తమ రొట్టెను తామే సంపాదించుకోవాలని ఆయన ఉద్దేశం. పనితో అలసిపోయే ఆ పల్లె ఆడపిల్లలకు ఇచ్చిన ప్రార్థనా నియమం ఎంత చిన్నదో చూడండి: మూడు పరలోక జపాలు, మూడు మంగళవార్త జపాలు, ఒక విశ్వాస సంగ్రహం. మిగతా సమయంలో పని చేస్తూనే యేసు నామాన్ని స్మరించాలి. పొలం పనికి పోయే మన తల్లులకు కూడా ఇది బరువు కాదు.

1829లో సంఘం చుట్టూ కందకం తవ్వమన్నారు. దేవమాత నడిచిన దారి అది అని, సిస్టర్లే తవ్వాలని, కూలివాళ్లు వద్దని చెప్పారు. చలికాలంలో నేల రాయిలా గడ్డకట్టేది. గొడ్డళ్లతో కొట్టి తవ్వారు.

మంతూరోవ్ అనే జమీందారు, సెరాఫిమ్ ప్రార్థనతో స్వస్థత పొంది, ఆస్తి అమ్మి మఠం సేవకు దిగాడు. 1832లో అతడికి ప్రాణాంతకమైన జబ్బు చేసింది. మఠానికి అతడు ఇంకా కావాలి కనుక అతడికి బదులుగా చనిపోవడానికి ఒప్పుకోమని సెరాఫిమ్ అతడి చెల్లెలు సిస్టర్ ఎలెనాను అడిగారని దివేయెవోలో చెప్పుకుంటారు. ఆమె మొదట భయపడింది, తర్వాత ఒప్పుకుంది, కొద్ది రోజుల్లోనే కన్నుమూసింది. అన్న బతికాడు. ఇది చదివితే నా మనసు ఇప్పటికీ కుదుటపడదు. విధేయతకు హద్దు ఎక్కడ అనే ప్రశ్న వస్తుంది. కానీ దేవుని చిత్తాన్ని ఆమె తన ఇష్టంతో అంగీకరించిందన్నది కూడా కాదనలేము.

1833 జనవరి 2న, పాత క్యాలెండరు ప్రకారం, సెరాఫిమ్ దేవమాత చిత్రం ముందు మోకాళ్ల మీదే ప్రాణం విడిచారు. ఆ చిత్రంలో బాలయేసు ఉండరు. గాబ్రియేలు దూత మాటకు తలవంచిన కన్యమరియ మాత్రమే ఉంటుంది. అది దివేయెవోకు చేరింది.

ఆ తర్వాత సరోవ్ నుండి వచ్చిన ఒకరి పెత్తనం వల్ల సంఘం ఏళ్ల తరబడి నలిగింది. అయినా 1861లో అది పూర్తిస్థాయి మఠమైంది. 1903లో సెరాఫిమ్‌కు పునీత పట్టం ఇచ్చినప్పుడు చక్రవర్తి 2వ నికొలస్ స్వయంగా వచ్చాడు. విప్లవం నాటికి సిస్టర్లు వెయ్యికి పైగా ఉన్నారు.

1927లో ప్రభుత్వం మఠాన్ని మూసివేసింది. సిస్టర్లను చెదరగొట్టారు, చాలామందిని జైళ్లకు పంపారు. పెద్ద దేవాలయం గోదామైంది. సరోవ్ గతి ఇంకా విచిత్రం. శత్రువు మీద చెయ్యెత్తని సన్యాసి మఠాన్ని 1946 నుండి రహస్య నగరంగా మార్చి, అక్కడే సోవియట్ అణుబాంబును రూపొందించారు. సెరాఫిమ్ అవశేషాలను ఎత్తుకుపోయారు. అవి ఎక్కడున్నాయో విశ్వాసులకు తెలియలేదు. కొందరు సిస్టర్లు మాత్రం పల్లెలోనే తలదాచుకుని, ఆయన వాడిన వస్తువులను ఇళ్లలో దాచి కాపాడారు.

1990లో లెనిన్‌గ్రాడ్‌లోని కజాన్ దేవాలయంలో ఆ అవశేషాలు దొరికాయి. ఆ దేవాలయాన్ని అప్పట్లో మతం, నాస్తికత్వాల మ్యూజియంగా నడిపేవారు. మరుసటి జులైలో మఠం తిరిగి తెరవడానికి అనుమతి వచ్చింది. అదే నెల చివర పాట్రియార్క్ 2వ అలెక్సీ ఆధ్వర్యంలో అవశేషాలు ఊరూరా ప్రదక్షిణగా దివేయెవో చేరాయి. తన దేహం అక్కడికి వస్తుందని, అప్పుడు ఎండాకాలంలో పాస్కా గీతాలు పాడతారని ఆయన ముందే చెప్పారని సిస్టర్లు తరతరాలుగా చెప్పుకునేవారు. ఆ వేసవిలో జనం నిజంగానే పాస్కా గీతాలు పాడారు.

2000లో మదర్ అలెగ్జాండ్రా, సిస్టర్ ఎలెనా సమాధులు తెరిచి, వారిని పునీతులుగా ప్రకటించారు. పూడిపోయిన కందకాన్ని మళ్లీ తవ్వి 2006 నాటికి పూర్తి చేశారు. దాని పొడవు 777 మీటర్లు. సిస్టర్లు, యాత్రికులు ఆ గట్టు మీద బారులు తీరి నడుస్తూ 150 సార్లు మంగళవార్త జపం చెబుతారు. మన పాత జపమాలలోని లెక్కే.