సైనికుల వైద్యుడు డొమినిక్ లారే

నెపోలియను చక్రవర్తి చేసిన యుద్ధములను మన బాలురు తరగతిలో చదువుచున్నారు. ఏ యుద్ధ మెప్పుడు జరిగెనో, ఎవరు గెలిచిరో యడిగినచో తడువుకొనక చెప్పుదురు. గాయపడి నేలగూలినవాని గతి యేమయ్యెనని యడిగినచో మాత్రము ఊరకుందురు. మేమును చిరకాలము అట్లే యుంటిమి. ఆ క్షతగాత్రుల కొఱకే బ్రదికిన యొక పురుషుని చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

లారే 1766 జూలై 8వ తేదీని ఫ్రాన్సుదేశపు దక్షిణసీమలో, పిరనీసు పర్వతముల చెంత నొక పల్లెలో జన్మించెను. బాల్యముననే తండ్రిని గోల్పోయి, తూలూజు పట్టణమున శస్త్రవైద్యుడైన తన తండ్రి తోబుట్టువునొద్ద విద్య నేర్చెను. 1792లో రైనునదీతీరపు సేనయందు వైద్యుడుగా జేరెను.

ఆ దినములలో గాయపడినవారిని మోయు బండ్లు రణభూమికి కోసెడు దూరమున నిలువవలెనని నియమము. పోరు ముగియువఱకు అవి కదలరాదు. అంతలో ననేకులు నెత్తురు కాఱి చచ్చుచుండిరి. గుఱ్ఱములు లాగు ఫిరంగులు క్షణములో నిటునటు పరుగెత్తుట లారే చూచెను. మనుష్యులను జంపు యంత్రమునకు గల వేగము మనుష్యులను గాచు బండికేల యుండరాదని యాతడు తలంచెను. పిమ్మట రెండు గుఱ్ఱములు లాగు తేలిక బండ్లను జేయించి, వైద్యులతో గూడ గుండ్లవాననడుమకే పంపెను. నేడు మన వీథులలో కూత వేయుచు బోవు ఆంబులెన్సులకు ఇవి పూర్వులు. దళపతియైనను సామాన్యభటుడైనను, తనవాడైనను శత్రువైనను, ఎక్కువ గాయపడినవానికే ముందు చికిత్స యని యాతడు నియమించెను.

మాకు మిక్కిలి విలువగలదిగా దోచినది 1813వ సంవత్సరపు సంగతి. రష్యాలో సేన నశించినందున నెపోలియను మీసములైన రాని పిల్లలను క్రొత్తగా జేర్చుకొనెను. లూట్సెన్, బౌట్సెన్ యుద్ధముల పిమ్మట వేలకొలది భటులు వ్రేళ్లు తెగి, అరచేతులు చీలి వైద్యశాలలకు వచ్చిరి. యుద్ధము దప్పించుకొనుటకు వీరే తమ చేతులు కాల్చుకొనిరని సేనాపతులు చక్రవర్తికి జెప్పిరి. ఆ నేరమునకు శిక్ష మరణము. చక్రవర్తి నమ్మెను. లారే మాత్రము నమ్మలేదు. ప్రభువు కోపించునని యెఱిగియు, ఒక్కొక్కరిని పరీక్షింపనిదే తీర్పు చెప్పరాదని పట్టుబట్టెను. మఱికొందఱు వైద్యులతో గూడి రెండువేలకు మించిన చేతులను దినముల తరబడి పరీక్షించెను. దోషి యని నిరూపింపదగినవాడు ఒక్కడును గానరాలేదు.

మఱి గాయములెట్లు గలిగెను? ఆనాడు కాలిబంట్లు మూడు వరుసలుగా నిలిచి తుపాకులు కాల్చుచుండిరి. శిక్షణ చాలని పిల్లలు వెనుక వరుసలనుండి తొందరతో గాల్చగా, ముందువారి చేతులకే దెబ్బ తగిలెను. నేరమనుకొన్నది నేర్పులేమి! లారే తన నివేదికను సమర్పింపగా చక్రవర్తి యది యంగీకరించి యాతనికి బహుమానమిచ్చెను. పిల్లలు బ్రదికిరి. ఆ యేటి అక్టోబరునెలలో లైప్సిగ్ యుద్ధమునకు ముందు సేన రెండే వరుసలుగా నిలువవలెనని యాజ్ఞ వెడలెను; అందుకు వేఱు కారణములును గలవు.

1815లో వాటర్లూవద్ద లారే ప్రష్యావారికి జిక్కెను. కాల్చుటకు నిలిపినప్పుడు, పూర్వమాతని పాఠములు వినియుండిన ప్రష్యా వైద్యుడొకడు గుర్తించుటచే బ్రదికెను. తానెఱిగినవారిలో నింత సుగుణవంతుడు లేడని నెపోలియను తన మరణశాసనమున వ్రాసి, లక్ష ఫ్రాంకులు విడిచెను.

వృద్ధుడయ్యును లారే అల్జీరియాకు బోయి అచ్చటి సైనికవైద్యశాలలను పరిశీలించి తిరిగివచ్చుచు, 1842 జూలై 25వ తేదీని లియాన్ నగరమున మృతినొందెను. 1992లో నాతని యస్థులను పారిసునందలి ఇన్వాలీదు భవనమునకు దెచ్చి యుంచిరి. నెపోలియను సమాధియు అచ్చటనే యున్నది.