డాక్టరు రాబర్టు బారానీ

ఆటస్థలమున బాలురు గిరగిర తిరిగి చటుక్కున నిలిచినప్పుడు, దేహము నిలిచినను లోకమంతయు తమ చుట్టును తిరుగుచున్నట్లు వారికి తోచును. ఇది ఎల్లరకును అనుభవమే. ఐనను దీనికి కారణమేమని విచారించినవారు బహు కొద్దిమంది. అట్టివారిలో అగ్రగణ్యుడు రాబర్టు బారానీ. శత్రువుల చెరలో నుండగనే నోబెలు బహుమానవార్త వినిన ఈ వైద్యుని చరిత్రము విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది.

బారానీ 1876వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీని వియన్నా నగరమున ఒక యూదు కుటుంబమునందు జన్మించెను. ఆరుగురు బిడ్డలలో ఆయనయే జ్యేష్ఠుడు. బాల్యముననే ఎముకలకు క్షయవ్యాధి సోకుటచే ఆయన మోకాలు ఒకటి బిగిసిపోయి, జన్మాంతము వంగకయుండెను. అట్టి బాధ మరియొకని క్రుంగదీసియుండును. బారానీకి మాత్రము అదియే వైద్యవిద్యపై అభిరుచి పుట్టించెను. కాలు బిగిసినను ఆయన టెన్నిసు ఆడుట మానలేదు. కొండల వెంబడి నడచుట మానలేదు. 1900వ సంవత్సరమున వియన్నా విశ్వవిద్యాలయమునందు వైద్యపట్టము పొంది, కొంతకాలము జర్మనీ దేశపు వైద్యశాలలలో పనిచేసి, 1903వ సంవత్సరమున కర్ణవైద్యమున ప్రసిద్ధికెక్కిన పోలిట్జరు పండితుని యొద్ద చేరెను.

అచ్చట రోగుల చెవులను పిచికారీతో నీళ్లు కొట్టి కడుగుట నిత్యకృత్యము. కడుగునప్పుడు పలువురు తల తిరుగుచున్నదని మొరపెట్టుచుండిరి. ఇతరులు దానిని సామాన్యముగ నెంచి విడిచిరి. బారానీ వారి కన్నులను పరిశీలించి, అవి తమంతట తామే ఒక ప్రక్కకు కొట్టుకొనుచుండుట కనిపెట్టెను. ఒకనాడు ఒక రోగి, నీరు చల్లగా నున్నప్పుడే తనకు తల తిరుగుచున్నదని తెలిపెను. అంతట నీటిని వేడిచేయించిరి. అది మితిమీరి వేడియైనందున రోగికి మరల తల తిరిగెను. ఐతే ఈసారి కన్నులు వెనుకటికి వ్యతిరేక దిశగా కొట్టుకొనెను. ఈ స్వల్పభేదమే ఆయన బుద్ధికి మార్గము చూపెను.

మన చెవి లోపలి భాగమున అర్ధవృత్తాకారముగల మూడు సన్నని గొట్టములు కలవు. వానియందు ఒక ద్రవము నిండియుండును. తల కదలినప్పుడు ఆ ద్రవము యొక్క చలనము నరముల ద్వారా మెదడునకు తెలియును. ఈ విధముగ చెవి వినుటకు మాత్రమేగాక, దేహము తూలకుండ నిలుచుటకును సాధనమైయున్నది. స్నానమునకు కాగులో నీళ్లు కాచునప్పుడు వేడినీరు పైకి లేచి చన్నీరు క్రిందికి దిగునుగదా! ఆలాగుననే చెవిలో పోసిన నీటి వేడిమినిబట్టి లోపలి ద్రవమున ప్రవాహము కలుగుచున్నదని బారానీ ఊహించెను. 1983వ సంవత్సరమున, భారము తెలియని అంతరిక్షమునందును ఈ పరీక్షచే కన్నులు కదలుట కనబడెను. కావున ఆ ప్రవాహమొక్కటియే కారణము కాదని తేలెను. ఐనను పరీక్షకు విలువ తగ్గలేదు. తలతిరుగుడు రోగము ఏ చెవినుండి పుట్టుచున్నదో కత్తిపెట్టకయే తెలిసికొనుటకు వైద్యులు నేటికిని ఈ పరీక్షను చేయుచున్నారు.

1914వ సంవత్సరమున మొదటి ప్రపంచ యుద్ధము సంభవించెను. బిగిసిన మోకాలు గలవానిని ఎవరును యుద్ధమునకు పిలువరు. ఐనను బారానీ తానై ముందుకు వచ్చి ఆస్ట్రియా సైన్యమున శస్త్రవైద్యుడుగ చేరి, ప్షెమిష్ల్ కోటలో గాయపడినవారికి చికిత్స చేసెను. తలలో గుండు దెబ్బలు తగిలినవారి గాయములను తెరచియుంచుట నాటి వాడుక. ఆయన చెడిన భాగమును కోసివేసి, గాయమును శుభ్రపరచి, వెంటనే కుట్టివేయు పద్ధతిని అవలంబించెను. 1915వ సంవత్సరము మార్చి 22వ తేదీని ఆ కోట రష్యనుల వశమాయెను. లక్షకు పైగా సైనికులతోపాటు బారానీయు ఖైదీయై, పశువులనెక్కించు రైలుబండిలో మధ్య ఆసియాయందలి మెర్వు పట్టణమునకు కొనిపోబడెను. అచ్చట మలేరియా జ్వరము ఆయనను పట్టుకొనెను. కోలుకొనిన తరువాత తోడి ఖైదీలకును ఆ ఊరివారికిని భేదమెంచక చికిత్స చేయసాగెను. పురపాలకాధ్యక్షుని కుటుంబము సైతము ఆయన వైద్యమునే కోరెను.

ఇట్లుండగా, 1914వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెలు బహుమానము తనకు లభించినదను వార్త 1915వ సంవత్సరమున ఆ చెరలోనే ఆయనకు చేరెను. స్వీడను రాజకుమారుడు కార్లు రెడ్‌క్రాసు సంఘము పక్షమున రష్యా ప్రభుత్వముతో మాటలాడి ఆయనను విడిపించెను. 1916వ సంవత్సరమున బారానీ స్టాక్‌హోము నగరమున స్వీడను రాజు చేతులమీదుగ ఆ బహుమానమును గ్రహించెను.

శత్రువుల చెరలోనైనను ఆదరము పొందిన ఈయనకు స్వనగరమున దుఃఖమే ఎదురాయెను. ఇతరుల పరిశోధనలను తన గ్రంథములలో తగినట్లు పేర్కొనలేదని వియన్నాలోని సహవైద్యులు కొందరు నిందమోపిరి. స్వీడను పండితులు ఆయన పక్షమున నిలిచిరి. మనసు నొచ్చిన బారానీ 1917వ సంవత్సరమున ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు వెళ్లి, పరదేశమునే తన దేశముగ చేసికొనెను. అచ్చట బోధించుచు, పరిశోధించుచు, విరామసమయమున పియానో వాయించుచు శేషజీవితమును గడపెను. ఆయన కుమారులిరువురును కుమార్తెయు వైద్యశాస్త్రమార్గమునే అనుసరించిరి. తన అరువదవ జన్మదినమునకు సరిగా పదునాలుగు దినములు ముందు, 1936వ సంవత్సరము ఏప్రిలు 8వ తేదీని ఆయన ఉప్సాలాలో కన్నుమూసెను.

విద్యార్థులారా, చెవులు కడిగిన వైద్యులు బారానీకి ముందు ఎందరో కలరు. తల తిరుగుచున్నదని రోగులు వారందరితోను చెప్పియే యుందురు. ఆ మాటను త్రోసివేయక ఆలకించుటయే ఈయన ఘనత. చిన్న పనియందు శ్రద్ధ, ఎదుటివాని మొరయందు గౌరవము, ఈ రెండును గలవాడు చెరలో నున్నను, పరదేశమున నున్నను లోకమునకు ఉపకారియగును.