పదహారు సెకన్లు, ఒక్క గజం

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. మొన్నటిదాకా నాకు తెలిసింది అంతే. విన్స్ లొంబార్డీ గురించి చదవడం మొదలుపెట్టాక మాత్రం ఆ రాత్రి అసైన్‌మెంట్ పక్కకి పోయింది.

ఆయన 1913లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ఇటాలియన్ కుటుంబంలో పుట్టాడు. ఫోర్డమ్ యూనివర్సిటీ జట్టులో ఆడాడు. తర్వాత న్యూజెర్సీలో స్కూల్ మాస్టారు. పొద్దున లాటిన్, ఫిజిక్స్, కెమిస్ట్రీ పాఠాలు, సాయంత్రం గ్రౌండ్‌లో కోచింగ్. ఆ తర్వాత వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీలోనూ, న్యూయార్క్ జెయింట్స్‌లోనూ ఏళ్లతరబడి అసిస్టెంటే. ప్రొఫెషనల్ జట్టుకి హెడ్ కోచ్ అయ్యేసరికి 45 ఏళ్లు వచ్చేశాయి.

ఆ జట్టు కూడా ఏది? గ్రీన్ బే ప్యాకర్స్. విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊరి టీమ్. దానికి ఓనరంటూ ఎవరూ లేరు, షేర్లన్నీ అభిమానులవే. 1958లో 12 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. 1959లో లొంబార్డీ వచ్చాడు, ఆ ఏడాదే 7 గెలిచారు. ఆయన దగ్గర కొత్త ట్రిక్కులేమీ లేవు. కొన్ని ఎత్తుగడలనే తప్పు రాకుండా వచ్చేదాకా వందలసార్లు చేయించేవాడు. నల్లజాతి ఆటగాళ్లను రానివ్వని హోటల్‌లో జట్టుని దింపేవాడు కాదు. 1961, 62, 65, 66లో టైటిల్ వాళ్లదే.

1967 సీజన్ వచ్చేసరికి పాత స్టార్లు కొందరు వెళ్లిపోయారు, ఉన్నవాళ్లకి వయసు మీద పడింది. అయినా డిసెంబర్ 31న డల్లాస్ కౌబాయ్స్‌తో ఫైనల్‌కి చేరారు. ఆ రోజు చలి మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. గ్రౌండ్ కింద పెట్టిన హీటింగ్ సిస్టమ్ ఫెయిలైంది. నేల మంచుగడ్డ అయిపోయింది, రిఫరీల విజిళ్లు కూడా పనిచేయలేదు.

చివరి 16 సెకన్లు. స్కోరు 14–17. గీత దాటడానికి కావాల్సింది ఒక్క గజం. అప్పటికే రెండుసార్లు ప్రయత్నించి జారారు. టైమ్ అవుట్లు అయిపోయాయి. కిక్ కొడితే స్కోరు సమం, ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్తుంది. పరుగెత్తి ఆగిపోతే అంతా పోయినట్టే. తానే బంతి పట్టుకుని దూరతానన్నాడు క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్. లొంబార్డీ సరేనన్నాడు. స్టార్ దూరాడు. 21–17!

రెండు వారాలకే సూపర్ బౌల్ కూడా గెలిచి, ఆయన కోచింగ్ వదిలేశాడు. కానీ ఆఫీసు కుర్చీలో ఏడాది కూడా మనసు నిలవలేదు. 1969లో వాషింగ్టన్ జట్టుకి మళ్లీ కోచ్‌గా వెళ్లాడు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో, 57 ఏళ్లకే, క్యాన్సర్‌తో చనిపోయాడు. సూపర్ బౌల్ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు.

గెలుపు కోసం ఇంటికి సమయం మిగల్చని మనిషి ఆయన. అదొక్కటీ నాకు నచ్చలేదు. కానీ థర్డ్ ఇయర్‌లోకి రాకముందే లేటైపోయామని కంగారుపడే మనం, 45 ఏళ్లదాకా అసిస్టెంటుగానే ఉన్న ఆ మాస్టారిని ఒక్కసారైనా గుర్తు చేసుకోవచ్చు.