పసినోట పలికిన ప్రాచీన భాష: ఎలియెజెర్ బెన్ యెహూదా జీవితం

గ్రంథాలయాలలో ఎన్ని గ్రంథాలున్నా, పసిపిల్లల నోట పలుకని భాష మూగదే. ఈ సత్యాన్ని గ్రహించి, తన జీవితాన్నే ధారపోసిన భాషాతపస్వి ఎలియెజెర్ బెన్ యెహూదా. ఆయన చరిత్రను సంగ్రహంగా పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన 1858 జనవరి 7వ తేదీన, నాటి రష్యా సామ్రాజ్యంలోని లుజ్కి గ్రామంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ గ్రామం నేడు బెలారుస్ దేశంలో ఉంది. బాల్యంలోనే తండ్రి గతించారు. ఆనాటి యూదు బాలురు పసితనంలోనే 'హెదెర్' అనే మతపాఠశాలలో చేరి హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, తౌరాతు నేర్చుకొనేవారు. గురువు హీబ్రూ వాక్యాన్ని చదివి, ఇంటిభాషయైన యిడ్డిష్‌లో అర్థం చెప్పేవారు. మక్తబులో అరబ్బీ చదివిన మన మిత్రులకు ఈ పద్ధతి ఇట్టే బోధపడుతుంది. హీబ్రూ ప్రార్థనకూ పాండిత్యానికీ నిలిచింది గాని, తల్లి బిడ్డను లాలించే భాషగా ఎన్నో శతాబ్దాల క్రితమే మాసిపోయింది.

వైద్యవిద్య కోసం పారిస్ చేరిన బెన్ యెహూదాకు క్షయవ్యాధి సోకింది. అయినా ఆయన సంకల్పం సడలలేదు. చెల్లాచెదరైన తన జాతికి హీబ్రూయే వ్యవహారభాష కావాలని తలచి, 1881లో భార్య డెబోరాతో జెరూసలేం చేరారు. ఆ నగరం అప్పుడు ఉస్మానియా తుర్కుల ఏలుబడిలో ఉండేది.

1882లో కుమారుడు జన్మించాడు. ఆ బిడ్డ చెవిన హీబ్రూ తప్ప మరొక భాష పడరాదని తండ్రి శాసించారు. హీబ్రూలో ఆడుకొనే తోటి పిల్లలు లేరు. నాలుగేళ్ళ ప్రాయం వచ్చేవరకు బాలునికి మాట రాలేదు. ఆ తల్లి ఎంత కుమిలిపోయిందో మేము ఊహించగలము. ఆ దీక్షకు తలవంచుతాము గాని, ఆ కాఠిన్యాన్ని మెచ్చుకోలేము.

జెరూసలేంలోని అలియాన్స్ పాఠశాలలో ఆయన కొంతకాలం ఉపాధ్యాయులుగా పనిచేశారు. అక్కడి పిల్లలలో కొందరి ఇంటిభాష యిడ్డిష్, కొందరిది లదీనో, మరికొందరిది అరబ్బీ. అందుచేత అనువాదాన్ని విడిచి, హీబ్రూను హీబ్రూలోనే బోధించారు. అనారోగ్యం వల్ల ఆయన త్వరలోనే విరమించినా, ప్రధానోపాధ్యాయులు నిస్సీం బెహార్ ఆ పద్ధతిని కొనసాగించారు. రిషోన్ లెజియోన్‌లో 1886లో వెలసిన పాఠశాల క్రమంగా పాఠాలన్నింటినీ హీబ్రూలోనే నడిపింది. ఈ ఉపాధ్యాయులే లేకుంటే ఆయన స్వప్నం ఆ ఇంటి గడప దాటేది కాదు.

పిల్లలు మాట్లాడాలంటే మాటలుండాలి కదా! బొమ్మకు, మీగడ ఐస్‌కు, నిఘంటువుకు ప్రాచీన గ్రంథాలలో పేర్లు లేవు. ఆయన పాత ధాతువుల నుండి కొత్త పదాలు కల్పించారు. సోదరభాషయైన అరబ్బీ నుండీ స్వీకరించారు. మన ఉర్దూ ఇళ్ళలో వినిపించే 'మురబ్బా' మాటే హీబ్రూలో 'రిబ్బా' అయింది. ఆయన ఆరంభించిన మహానిఘంటువు 17 సంపుటాలతో 1959లో గాని పూర్తి కాలేదు.

కష్టాలు ఆయనను వెన్నంటాయి. 1891లో డెబోరా క్షయతో కన్నుమూశారు; పిమ్మట ముగ్గురు బిడ్డలను డిఫ్తీరియా కబళించింది. పవిత్రభాషను అంగడికి ఈడ్చాడని ఛాందసులు ఆయనను వెలివేశారు. ప్రభుత్వద్రోహం ఆరోపణపై చెరసాల కూడా చూశారు. డెబోరా చెల్లెలు హెమ్దా ఆయనను వివాహమాడి, నిఘంటు రచనకు అండగా నిలిచారు.

1922 నవంబరులో పాలస్తీనాలోని బ్రిటిష్ పాలకులు ఇంగ్లీషు, అరబ్బీలతోపాటు హీబ్రూను అధికారభాషగా గుర్తించారు. డిసెంబరు 16న ఆయన తనువు చాలించారు.

హీబ్రూ గెలిచిన చోట యిడ్డిష్, లదీనోలు వెనుకబడ్డాయన్నది కూడా మరువరాదు. ఒక భాషను నిలిపే దీక్ష మరొక భాషను చులకన చేయరాదు. ఉర్దూ, తెలుగు రెండూ ఒకే సంచికలో వెలువడే ఈ కళాశాల విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే: నేటి సాయంత్రం ఇంటిలోని చిన్నారిని చేరబిలిచి, మీ ఇంటిభాషలో ఒక కథ చెప్పండి.